సమర్తకి మైకుసెట్టు, ముట్లుడిగితే మౌనమా? జముకుల కథకి మీ సాయం కావాలి

బొబ్బిలి_టీచర్
బొబ్బిలి దగ్గర ఒక ఊళ్ళో, హైస్కూల్లో తెలుగు చెబుతాను. మా తొమ్మిదో తరగతి ఆడపిల్లలు ఏడుగురు, డ్వాక్రా సంఘం వాళ్ళు నలుగురు కలిసి వార్షికోత్సవానికి జముకుల కథ కడుతున్నారు. 20 నిమిషాల కథ. విషయం నెలసరి, తర్వాత అది ఆగిపోవడం. ఆలోచన నాది కాదు. పోయిన ఏడాది ఒక పిల్ల పరీక్ష అయిపోయినా బెంచీ మీంచి లేవలేదు. అందరూ వెళ్ళేదాకా అట్ట మీద వేలితో గీతలు గీస్తూ కూర్చుంది. చుడీదార్ వెనక మరక. నేను దగ్గరికెళ్తే "కడుపునొప్పి మేడమ్" అంది. రెండు నెలల తర్వాత ఆ పిల్లే వచ్చి "దీని మీద కథ కడదామా మేడమ్, ఎల్లమ్మ కథలాగ" అని అడిగింది.

సగం కథ అయింది. పెద్దలకి చదివి వినిపిస్తే "బాగుందమ్మా, ఆ మాట ఒక్కటి తీసెయ్యండి" అన్నారు. ముట్టు అనే మాట. దాని బదులు ఆరోగ్య సమస్య అని పెట్టమంటారు. సమస్య కానిదాన్ని సమస్య అని పిల్లల చేత ఎలా పాడించను?

ఏ మాట పెట్టమంటారు? మీ ఇళ్ళల్లో ఏమంటారు? ఇంకొకటి. సమర్త పాటలు మా ముసలమ్మల దగ్గర నాలుగు దొరికాయి. ముట్లుడిగిన ఆడదాని మీద ఒక్క పాట కూడా దొరకలేదు. మీలో ఎవరికైనా తెలుసా?

నాగావళి_ఒడ్డు
నెలసరి అని పెట్టండి. ఎవరికీ అభ్యంతరం ఉండదు, అర్థమూ అవుతుంది.

పలాస_జీడి
నెలసరి టీవీ మాటండీ. మా అమ్మ ఆ మాట నోట పలకగా నేనెప్పుడూ వినలేదు. ముట్టు, బయటుంది, చేరలేదు, దూరం. మా ఇంట్లో ఇవే. నేను జీడిపప్పు పిక్కల దగ్గర ఆరేళ్ళు పని చేశాను. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికే లేవడం. అక్కడ మా మాట "ఎర్రబస్సొచ్చింది". ఒకసారి మా మేస్త్రి నిజంగానే గేటు దాకా వెళ్ళి చూసొచ్చి "ఏ బస్సే? పాతపట్నం బస్సా?" అన్నాడు. నవ్వలేక చచ్చాం. కానీ నవ్వు అయ్యాక చూస్తే ఆ రోజు కూడా గుడ్డ మార్చుకోవడానికి ఎక్కడా చోటు లేదు.

సువర్ణముఖి
పాతపట్నం బస్సు 😄 ఆ సీన్ అలాగే కథలో పెట్టేయండి టీచర్ గారూ.

తాపీ_మేస్త్రి
నాకు ఒకటి అర్థం కాదు. ఆడవాళ్ళ విషయం ఆడవాళ్ళ మధ్యనే ఉంటే తప్పేంటి? తండ్రులు, అన్నదమ్ములు కూర్చున్న చోట మైకులో ముట్టు, గుడ్డ అంటూ ఉంటే ఆ పిల్లలకే సిగ్గు కదా. పిల్లలకి చెప్పండి, తల్లులకి చెప్పండి. స్టేజీ ఎందుకు?

వంశధార_అల
మేస్త్రి గారూ, గౌరవంగానే అడుగుతున్నాను. మీ ఇంట్లో ఆడపిల్ల పెద్దమనిషి అయినప్పుడు మైకు పెట్టలేదా? నాకు పెట్టారు. నా వయసు 12. తాటాకు చాప మీద కూర్చోబెట్టి, చిమ్మిలుండలు నోట్లో కుక్కి, పక్క వీధి దాకా వినపడేలా పాటలు వేశారు. ఇప్పుడైతే సెంటర్లో ఫ్లెక్సీ కూడా కడుతున్నారు, నవ్వుతున్న పిల్ల ఫోటోతో. ఊరంతటికీ మొదటిసారి వచ్చిందని తెలియాలి. రెండోసారి మాత్రం అన్నయ్యకి కూడా తెలియకూడదు! మైకు మొదలుపెట్టింది మనమే. నెల తిరక్కుండానే తీసేసింది కూడా మనమే.

పలాస_జీడి
ఈ మాట చదివి పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టేశాను.

బొబ్బిలి_టీచర్
వంశధార గారూ, కథ మొదలు మీరే ఇచ్చారు. మైకు దగ్గర మొదలుపెడతాం.

తాపీ_మేస్త్రి
మా అమ్మాయికి ఫ్లెక్సీ వేయించింది నేనే, కాదనను. 6 అడుగులు. ఆలోచిస్తాను.

కొత్త_చదువరి
జముకు అంటే బుర్రకథలాంటిదేనా? మాది గుంటూరు వైపు, చూడలేదు.

విజయనగరం_వీధి
వేరు. బుర్రకథకి తంబురా, గుమ్మెటలు. జముకు అంటే ఒక డొల్ల. ఒక పక్క తోలు మూత, ఆ తోలు మధ్య నుంచి తీగ. డొల్లని చంకలో ఇరికించి తీగని బిగిస్తూ, వదులుతూ మీటితే శబ్దం సాగుతుంది, ముడుచుకుంటుంది. ఏడుస్తూ మాట్లాడే మనిషి గొంతులా ఉంటుంది. మన ఉత్తరాంధ్రలో ఎల్లమ్మ కథ దీని మీదే వింటాం. 1960ల చివర్లో శ్రీకాకుళ పోరాట కవి సుబ్బారావు పాణిగ్రాహి గిరిజనుల గోడు, రైతుల గోడు ఊరూరా చెప్పింది కూడా జముకుల కథతోనే. అంటే చెప్పకూడదన్నవి చెప్పడం ఈ వాయిద్యానికి కొత్త కాదు.

ఇంకో సంగతి. మాట గురించి అడిగారు కదా. 1892లో మా విజయనగరంలో గురజాడ కన్యాశుల్కం ఆడారు. వీధిలో జనం మాట్లాడే మాట స్టేజీ ఎక్కింది. మీరు నెలసరి అంటే ముందు వరసలో కూర్చున్న ఉద్యోగస్తులు తలూపుతారు. వెనక చాప మీద కూర్చున్న ముసలమ్మ తలెత్తాలంటే ముట్టు అనాల్సిందే.

నాగావళి_ఒడ్డు
ఒప్పుకోను. ముట్టు అంటేనే తాకడం. ముట్టుకోకూడదు అన్నదాంట్లోంచి పుట్టిన మాటని మళ్ళీ మనమే మోస్తామా? మైల, అంటు, ముట్టు అన్నీ ఒకే కుదురు. మారాలంటే మాటతోనే మొదలవ్వాలి.

విజయనగరం_వీధి
మీ మాటా నిజమే. అందుకే రెండూ పాత్రల నోట పెట్టమంటాను. కథకుడు ఒక మాట అంటాడు, వంతవాడు (పక్కన వంత పాడేవాడు) "అదేటండీ, అలాగనొచ్చా?" అని ఆపుతాడు. వంతవాడి పనే అది.

ఇచ్ఛాపురం_కోడలు
నేను పుట్టింది రణస్థలం దగ్గర, మెట్టింది ఇచ్ఛాపురంలో ఒడియా మాట్లాడే ఇంట్లో. పెళ్ళయిన మొదటి జూన్‌లో మా అత్తగారు "ఈ మూడు రోజులూ వంటింట్లోకి రాకు" అన్నారు. నాకు గుండె జారింది. ఇప్పుడు నాకు ముట్టు రాలేదు కదా, ఎందుకలా అనుకున్నారో అని. తర్వాత తెలిసింది, అది రజ పండగ. ఒడిశాలో మిథున సంక్రాంతికి, అంటే జూన్ నడిమధ్యలో చేస్తారు. భూమాతకి నెలసరి వచ్చిన రోజులని నమ్మకం. ఆ మూడు రోజులూ నేల దున్నరు, తవ్వరు. ఆడపిల్లలు రుబ్బరు, దంచరు. భూమికి నొప్పి తగలకూడదని నేల మీద మెత్తగా అడుగేస్తారు. చెట్టుకి ఉయ్యాల, కొత్త బట్టలు, పొడొపిఠా అనే పిండివంట, తమలపాకు కిళ్ళీ, ఉయ్యాల పాటలు. నాలుగో రోజు సన్నికల్లుని భూదేవి అనుకుని పసుపు రాసి స్నానం చేయిస్తారు.

ఆ రోజు మా అత్తగారు, పిన్నత్త, ఎదురింటి ముసలావిడ ముగ్గురూ ఉయ్యాల ఊగుతూ పాడారు. ముగ్గురిదీ ముట్లుడిగిన వయసే. వాళ్ళ పాటలో సిగ్గు లేదు. నాకు ఏడుపొచ్చింది. మా పుట్టింట్లో ముట్టు వచ్చిన మూడు రోజులూ పశువుల శాల పక్క వసారాలో పడుకునేదాన్ని.

అలాగని అంతా బంగారం అనను. ఇదే ఇంట్లో మిగతా నెలల్లో దేవుడి గదిలోకి రానివ్వరు. భూమికి ఉయ్యాల, కోడలికి గడప అవతల చాప. ఈ మాట అత్తగారితోనే అన్నాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నెల నుంచి చాప తీసేశారు, దేవుడి గది మాత్రం అలాగే ఉంది.

సువర్ణముఖి
భూమికి ఉయ్యాల, కోడలికి గడప అవతల చాప. టీచర్ గారూ, ఇది పాటే.

బొబ్బిలి_టీచర్
రాసుకున్నాను. ఇచ్ఛాపురం వదినా, మీ అనుమతి ఉందా?

ఇచ్ఛాపురం_కోడలు
అడగాలా? వాడుకోండి. అత్తగారిని మాత్రం చెడ్డగా చూపించకండి, ఆ ఉయ్యాల ఆవిడదే.

నాగావళి_ఒడ్డు
స్టేజీ వెనక గోడకి సవర గిరిజనుల బొమ్మలు వేయిస్తే ఎలా ఉంటుంది? ఎర్రమట్టి మీద తెల్ల బొమ్మలు, చాలా అందంగా ఉంటాయి.

సీతంపేట_కొండ
మాది సవర ఇల్లు, అందుకే చెబుతున్నాను. ఆ గోడ బొమ్మలు అలంకారం కోసం వేసేవి కావు. దేవుళ్ళకి, పోయిన పెద్దలకి పూజ చేసి బియ్యప్పిండితో వేస్తారు. వాటిని తీసుకొచ్చి వెనక తెరలా కట్టొద్దు. పిల్లల చేత ముగ్గు వేయించండి, అది మీ చేతిలో ఉన్న విద్యే. 28 చుక్కల ముగ్గు వేయండి. అందరికీ సరిగ్గా 28 రోజులు ఉండదని నర్సమ్మ చెప్పింది, కాబట్టి ఒక చుక్క అటూ ఇటూ జరిపి వేయండి.

నాగావళి_ఒడ్డు
క్షమించండి, తెలియక అన్నాను. ముగ్గు ఆలోచన చాలా బాగుంది.

ఏఎన్ఎం_అక్క
28 గురించి: 21 నుంచి 35 రోజుల మధ్య ఎన్ని రోజులకి వచ్చినా మామూలే. సమర్తాడిన మొదటి రెండు మూడేళ్ళు లెక్క తప్పుతుంది, ఆగిపోయే ముందు కొన్నేళ్ళూ తప్పుతుంది. పిల్లలు ఇది తెలుసుకోవాలి.

ఆగిపోవడం గురించి ఎవరూ ఎక్కువ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. 12 నెలలు వరసగా రాకపోతే ముట్లుడిగినట్టు లెక్క. ఎక్కువమందికి 45 నుంచి 55 మధ్య. 40 లోపే ఆగిపోతే డాక్టరుకి చూపించుకోవాలి. ఏడాది ఆగిన తర్వాత మళ్ళీ ఎర్రగా ఒక్క చుక్క కనిపించినా చూపించుకోవాలి. "మళ్ళీ వయసొచ్చింది" అని నవ్వుకుని ఊరుకున్న ఒకావిడని నేనే బతిమాలి తీసుకెళ్ళాను. ఒంట్లోంచి ఆవిర్లు లేవడం, రాత్రి చెమటలు, నిద్ర లేకపోవడం, ఊరికే కోపం, కీళ్ళ నొప్పి, మూత్రం మంట ఇవన్నీ దాంతో రావచ్చు. ఎముకలు గుల్లబారతాయి. చోడి (రాగి) అంబలి మానకండి, ఎండలో కాసేపు నడవండి. మరీ కష్టంగా ఉంటే మందులున్నాయి, అడగడం తప్పు కాదు.

ఇక నా కడుపులో మంట. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో దాదాపు 9 శాతం మందికి గర్భసంచి తీసేసి ఉంది. దేశం మొత్తం మీద 3 శాతమే. మా చెల్లికి 32 ఏళ్ళకే తీసేశారు. తెల్లబట్ట అవుతోందని వెళ్ళింది. "పిల్లలు పుట్టేశారుగా, ఆ సంచితో ఇంకేం పని" అన్నారు. అండాశయాలూ తీసేశారు. అవి తీసేస్తే ఆ రోజే ముట్లుడిగిపోతుంది, పదిహేనేళ్ళ ముందే. ఆపరేషన్‌కి బంగారం తాకట్టు పెట్టారు, ఆవిర్లకి మాత్రం ఎవరూ మందు చెప్పలేదు. అందరికీ ఆపరేషన్ వద్దని నేననను. అవసరమైన వాళ్ళకి అది ప్రాణం నిలబెడుతుంది. కానీ తీసే ముందు ఇంకొక డాక్టరుని అడగండి. టీచర్ గారూ, మీ కథలో ఇది ఒక్క చరణమైనా ఉండాలి. నేను పాడలేను, నా తరఫున మీరు పాడండి.

పలాస_జీడి
మా వీధిలో నా వయసువాళ్ళు ఐదుగురికి ఆ ఆపరేషన్ అయింది. నాకిప్పుడు 38.

వంశధార_అల
మా పిన్నికీ.

సువర్ణముఖి
మా అత్తకి 29.

చోడి_అంబలి
నా వయసు 51. ఈ వేదికలో వంటల గదిలోనే రాస్తుంటాను, ఇటు రావడం ఇదే మొదటిసారి.

నాకు మూడేళ్ళ కిందట ఆగిపోయింది. దానికి ముందు ఏడాదంతా నాకు పిచ్చి పడుతోందేమో అని భయపడ్డాను. పుష్యమాసంలో రెండు దుప్పట్లు కప్పుకుని పడుకున్నదాన్ని లేచి నూతి దగ్గర మొహం కడుక్కునేదాన్ని. మా ఆయనతో చెప్తే "బీపీ ఏమో" అన్నారు. బీపీ సరిగ్గానే ఉంది. అమ్మని అడుగుదామంటే అమ్మ లేదు.

నిద్ర రాని రాత్రుళ్ళు బొంత కుట్టడం మొదలుపెట్టాను. మా అమ్మ పాత చీరలు పెట్టెలో ఉన్నాయి. తీస్తే అడుగున ఒక మూట. నీలం నేతచీర చింపిన ముక్కలు, నాలుగు మడతలు పెట్టి అంచులు కుట్టి ఉన్నాయి. ముట్టుగుడ్డలు. ఎన్ని ఉతుకులు ఉతికిందో, నీలం రంగంతా పోయి బూడిద రంగుకొచ్చింది. మధ్యలో మాత్రం టీ మరకలాంటి గోధుమ వన్నె మిగిలింది. ఆ గుడ్డలు ఎప్పుడూ ఎండ చూడలేదు. పెరట్లో గోరింట చెట్టు వెనక, పైన నాన్న పంచె కప్పి ఆరేసేది. వానాకాలం ఆరేవి కావు, చెమ్మగానే కట్టుకునేది. తొడలు ఒరుసుకుపోయి అమ్మ కాళ్ళు ఎడంగా వేసి నడవడం చిన్నప్పుడు చూశాను. ఏమైందమ్మా అంటే "సెప్పు కరిసింది" అనేది. చెప్పు పాదాన్ని కదా కరవాలి.

ఆ మూట పారెయ్యలేకపోయాను. ఉడకబెట్టి, మొదటిసారిగా నడి పెరట్లో తీగ మీద, పట్టపగలు, ఏమీ కప్పకుండా ఎండేశాను. తర్వాత బొంత మధ్యలో వరసగా వేసి ఎర్ర దారంతో కుట్టాను. చుట్టూ నా చీరలు, ఒక మూల మా అమ్మాయి స్కూలు ఓణీ. మా ఆయన చూసి "మధ్యలో ఆ మాసిపోయిన ముక్కలేంటి" అన్నారు. చెప్పాను. ఆయన దాన్ని చేత్తో తడిమి, మడత పెట్టి, మంచం తలాపున పెట్టారు.

పాట అడిగారు కదమ్మా. పాట తెలీదు. బొంత ఉంది. కావాలంటే పంపిస్తాను.

బొబ్బిలి_టీచర్
అమ్మా, పంపండి. స్టేజీ వెనక గోడ సంగతి తేలిపోయింది.

సీతంపేట_కొండ
బొంతకి మించిన తెర లేదు.

తాపీ_మేస్త్రి
రెండు రోజులుగా చదువుతున్నాను, రాయడానికి చెయ్యి ఆడలేదు. మా అమ్మ కూడా అలాగే నడిచేది.

నా పని గురించి ఒక మాట. బళ్ళల్లో మరుగుదొడ్లు పదిహేను దాకా కట్టి ఉంటాను. ఒక్కదాంట్లో కూడా లోపల గోడకి గూడు వదల్లేదు. ఆడపిల్ల ప్యాడ్ ఎక్కడ పెడుతుంది? తడి నేల మీదా? పంటితో పట్టుకుంటుందా? బట్టలు తగిలించడానికి మేకు లేదు, చెత్తబుట్టకి చోటు లేదు. ప్లానులో లేదు కాబట్టి వేయలేదు, ప్లాను గీసినవాడూ మగాడే. గూడు వదిలితే నాలుగు ఇటుకలు మిగులుతాయి కూడా. ఇక మీదట అడక్కపోయినా వదులుతాను. టీచర్ గారూ, మీ బడికి ఒక ఆదివారం వస్తాను, కూలి వద్దు.

స్టేజీ ఎందుకు అన్నది నేనే. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

వంశధార_అల
మేస్త్రి గారూ 🙏

పలాస_జీడి
గూడు గురించి నాకూ ఎప్పుడూ తట్టలేదు. పంటితోనే పట్టుకునేదాన్ని.

సువర్ణముఖి
మా చెల్లి ప్రభుత్వ బళ్ళో చదివింది. 2021లో స్వేచ్ఛ పథకం వచ్చాక నెలకి 10 ప్యాడ్లు ఇచ్చేవారు. ఇవ్వడం బాగుంది, కానీ తీసుకున్న ప్రతి పిల్లా పుస్తకం మధ్యలో దాచి పరిగెత్తేది. ప్యాడ్ల మీద 12 శాతం జీఎస్టీ 2018లో తీసేశారు. కొట్లో నల్ల కవరు మాత్రం ఇంకా తియ్యలేదు.

బొబ్బిలి_టీచర్
నిన్న రాత్రి పిల్లలు, డ్వాక్రా అప్పలు (అక్కలు) కలిసి కట్టిన చరణాలు ఇవి. తప్పులుంటే చెప్పండి.

పెద్దమనిసైననాడు పేటంతా పిలిసినారు
తాటాకు సాపేసి సిమ్మిలుండ ఎట్టినారు
ముట్లుడిగిననాడు ముంగిట్లో నానొక్కతినే
ఏటయింది అప్పా అని ఎవులూ అడగనేదు

పుస్సిమాసం సలిలోన పుట్టెడు సెమట పోసె
తలుపు తీసినానని కోడలు కసిరినాది

ఇచ్ఛాపురం_కోడలు
మళ్ళీ కోడలేనా! అత్తని కాపాడితే కోడల్ని ఇరికించారు. కోడలు లేచొచ్చి నీళ్ళిచ్చిందని పెట్టండి.

నాగావళి_ఒడ్డు
మొగుడు కసిరాడని పెడితే?

చోడి_అంబలి
వద్దమ్మా, అందరు మొగుళ్ళూ కసరరు. తెలియక బీపీ అంటారు. అదే పెట్టండి.

విజయనగరం_వీధి
భలే. వంతవాడు "బీపీ ఏమోనమ్మా" అనాలి ప్రతిసారీ. మొదటి రెండుసార్లు జనం నవ్వుతారు. మూడోసారి నవ్వరు, అక్కడ చెల్లి ఆపరేషన్ చరణం ఎత్తుకోండి.

ఏఎన్ఎం_అక్క
ఆ చరణం నాకు ముందు పంపండి, తప్పు సమాచారం పోకూడదు. అండాశయాలు ఉంచితే, ముట్టు రాకపోయినా వెంటనే ముట్లుడిగినట్టు కాదు, ఆ తేడా పిల్లలకి చెప్పండి.

కొత్త_చదువరి
మరి మాట ఏది ఖాయం చేశారు? ముట్టా, నెలసరా?

బొబ్బిలి_టీచర్
పిల్లలే తేల్చారు. మొదట మైకు దగ్గరికి పదకొండుమందీ వరసగా వచ్చి, ఎవరింట్లో ఏమంటారో ఆ మాట చెప్తారు. ముట్టు, బయట, దూరం, చేరలేదు, డేటు, ఎర్రబస్సు. చివర కడుపునొప్పి అన్న పిల్ల వస్తుంది. ఆ పిల్ల ఏమంటుందో నాకు కూడా చెప్పలేదు. పెద్దలకి మళ్ళీ వినిపించాను. ఒకాయన లేచి వెళ్ళిపోయారు. మిగతావాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ఒకాయన "బీపీ ఏమో" దగ్గర తల దించుకున్నారు.

విజయనగరం_వీధి
చిన్న సూచన. "ఎవులూ అడగనేదు" తర్వాత జముకు ఆపించండి. వెంటనే అందుకోవద్దు. ఒక్క ఊపిరి ఖాళీగా వదలండి.

బొబ్బిలి_టీచర్
రేపు సాయంత్రం అలాగే చేసి చూస్తాం. అమ్మా, బొంత వెడల్పెంత? గోడకి కర్ర తగిలించాలి.

చోడి_అంబలి
ఐదు మూరలు అడ్డం, నాలుగు మూరలు నిలువు. బరువుంటుంది, సన్న కర్రయితే వంగిపోతుంది. వెదురు చూడండి.

తాపీ_మేస్త్రి
వెదురు నేను తెస్తాను.